అందరినీ ఒకేలా చూస్తే చాలా? భిన్న నేపథ్యాల కుటుంబాలతో మధ్యవర్తిత్వం ఎలా చేయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కుటుంబ మధ్యవర్తిగా శిక్షణ పూర్తయింది. మీ దగ్గరకు వస్తున్నవారిలో వేర్వేరు మతాలవారు, భాషలవారు, పెళ్లి చేసుకోకుండా కలిసి బతికినవారు, స్వలింగ జంటలు, వలస వచ్చినవారు ఉన్నారు. శిక్షణలో "అందరినీ ఒకేలా చూడండి" అన్నారు. మీ సీనియర్ ఒకరు మాత్రం "ఒక్కో సమాజం గురించి చదువుకుని వెళ్లండి" అంటున్నారు. ఎవరి మాట వినాలి? పైగా మీకేమీ తెలియని నేపథ్యం నుంచి ఒక జంట వచ్చే వారం రాబోతోంది. ఆ కేసు తీసుకోవచ్చా?

ఇద్దరి మాటా కొంతవరకే వినండి. భిన్నత్వాన్ని గౌరవించడం మన మర్యాదకో మనసుకో సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది ప్రధానంగా పని పద్ధతికి సంబంధించినది. దరఖాస్తులో ఏముంది, మొదటి విడి సమావేశంలో ఏమి అడిగారు, గదిలో ఎవరిని కూర్చోబెట్టారు, ఏ భాషలో మాట్లాడించారు, ఒప్పంద పత్రంలో ఏమి రాశారు అన్నవి సరిగ్గా లేకపోతే ఎంత మంచి మనసున్నా అక్కరకు రాదు.

ముందుగా "ఒకేలా చూడటం" సంగతి. ఒకేలా అంటే ఎవరిలా? మనం నేర్చుకున్న మధ్యవర్తిత్వానికి ఒక రూపం ఉంది. ఇద్దరు మనుషులు బల్లకు చెరోవైపు కూర్చుంటారు. వంతులవారీగా మాట్లాడతారు. తమకు ఏమి కావాలో తామే చెప్పుకుంటారు. గతాన్ని తవ్వుకోకుండా రేపటి గురించి ఆలోచిస్తారు. గంటన్నరలో లేస్తారు. చివరికి ఒక కాగితం మీద సంతకాలు పెడతారు. మనం ఆ పద్ధతిలోనే తయారయ్యాం కాబట్టి ఇదంతా ఏ రంగూ లేనిదిగా కనిపిస్తుంది. కానీ ఇందులో ప్రతి మెట్టు వెనుకా ఒక నమ్మకం ఉంది. తగవు ఆ ఇద్దరిదే అని ఒక నమ్మకం. ఉన్నమాట మొహానే చెప్పడం నిజాయితీ అని ఒకటి. ముక్కూ మొహం తెలియని మనిషే న్యాయంగా ఉంటాడని మరొకటి. నోటిమాట కంటే రాతే గట్టిదని ఇంకొకటి. ఈ నమ్మకాలు లేని కుటుంబం మన గదిలోకి వస్తే తగవు తీర్చుకోవడంతో పాటు మన పద్ధతిని కూడా ఆ కాస్త సమయంలోనే నేర్చుకోవాలి. ఇద్దరిలో ఒకరికి ఆ పద్ధతి ముందే అలవాటై ఉంటే రెండోవారు మొదటి నిమిషం నుంచే వెనకబడతారు.

అమెరికాకు చెందిన శాంతి పరిశోధకుడు జాన్ పాల్ లెడరాక్ మధ్య అమెరికా దేశాల్లో పనిచేసినప్పుడు గమనించినది ఇక్కడ పనికొస్తుంది. అక్కడివారు తగవు వస్తే బయటి తటస్థుణ్ని వెతకలేదు. రెండు వైపులా సంబంధం ఉండి, ఇద్దరూ నమ్మే లోపలి మనిషి దగ్గరకు వెళ్లారు. సామాజిక శాస్త్రవేత్త పాల్ వెహర్‌తో కలిసి 1991లో ఆయన దీని గురించి రాశారు. తెలియనితనమే తటస్థతకు హామీ అని మనం అనుకుంటాం. వాళ్లకు తెలిసినతనమే హామీ. అంటే మనం కుటుంబాల బంధుమిత్రులుగా మారిపోవాలని కాదు. "నేను ఎవరి పక్షమూ కాదు" అన్న మాట ఎదుటివారికి భరోసా ఇస్తుందని ముందే అనుకోకండి. కొందరికి ఆ మాట "మీ బాధతో నాకు పని లేదు" అన్నట్టు వినిపిస్తుంది.

ఇక చదువుకుని వెళ్లమన్న సలహా. చదవండి, తప్పు లేదు. మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో ప్రతిపాదించిన విభజన ప్రతి శిక్షణలోనూ వస్తుంది. కొన్ని సమాజాల్లో అర్థం ఎక్కువగా మాటల్లో ఉంటుంది, కొన్నింట్లో సందర్భంలో, మౌనంలో, ఎవరు ఎవరితో అన్నారన్న దానిలో ఉంటుంది అన్నది దాని సారం. ఎదుటివారు తల ఊపితే అది అంగీకారమా, "విన్నాను" అన్న సంకేతమా అని ఆగి ఆలోచించడానికి ఇది బాగానే సాయపడుతుంది. చిక్కు ఎక్కడంటే, మీరు చదివింది ఒక సమూహం గురించి, మీ ముందు కూర్చున్నది ఒక జంట. ఒకే ఊరు, ఒకే మతం, ఒకే భాష అయినా భార్యాభర్తలు ఒకే సంస్కృతిలో ఉంటారన్న నమ్మకం లేదు. ఒకరు పదేళ్ల వయసులో వలస వచ్చి ఉంటారు, మరొకరు ముప్పైలో. ఒకరికి చదువు, సంపాదన ఉంటాయి, మరొకరికి ఉండవు. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో చెప్పిన విషయం ఇదే. ఒకే మనిషి మీద జాతి, లింగం వంటివి విడివిడిగా కాక కలిసి పనిచేస్తాయి. నల్లజాతి మహిళా కార్మికుల కేసుల్లో న్యాయస్థానాలు జాతి వివక్షను ఒకచోట, లింగ వివక్షను మరోచోట వెతికి, రెండూ కలిసిన చోట ఉన్న మనిషిని వదిలేశాయని ఆమె చూపించారు. మన గదిలోనూ అదే జరుగుతుంది. "ఈ సమాజంలో ఇలా ఉంటుంది" అని చదువుకుని వెళితే, ఆ సమాజంలో నోరున్నవారి కథనే అందరి కథగా తీసుకుంటాం.

1998లో మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే-గార్సియా అనే ఇద్దరు వైద్యులు తమ రంగం కోసం ఒక ప్రతిపాదన చేశారు. రోగుల సంస్కృతి మీద పట్టు సాధించి పరీక్ష పాసవడం లక్ష్యం కాకూడదని, తన గురించి తాను ప్రశ్నించుకోవడం, రోగి దగ్గర నేర్చుకునే వినయం జీవితాంతం సాగాలని వారి వాదన. మన వృత్తికి కూడా ఇది అతికినట్టు సరిపోతుంది. అయితే వినయాన్ని పనిలోకి ఎలా దించాలి? నాకు తెలిసిన దారి ప్రశ్నలే. వాటిని మొదటి విడి సమావేశంలో, ఇద్దరినీ వేర్వేరుగా అడగాలి.

నేను అడిగేవి ఇలాంటివి. మీ కుటుంబం అంటే ఎవరెవరు? ఈ నిర్ణయం నిలబడాలంటే మీరిద్దరూ కాక ఇంకెవరు ఒప్పుకోవాలి? ఎవరికి తెలియకూడదు? మీరు ఏ భాషలో పోట్లాడుకుంటారు, ఏ భాషలో డబ్బు లెక్క వేస్తారు, పిల్లలతో ఏ భాషలో మాట్లాడతారు? మిమ్మల్ని ఏమని పిలవాలి? ఏ రోజుల్లో, ఏ వేళల్లో సమావేశం కుదరదు? ఒకే గదిలో కూర్చోవడానికి ఇబ్బంది ఉందా? చదవడం, వినడం, చూడటం, ఎక్కువసేపు కూర్చోవడం వీటిలో దేనికైనా ఏర్పాటు కావాలా? మీ ఇద్దరి మధ్య ఇంతకుముందు పెద్ద గొడవ వచ్చినప్పుడు ఎవరు, ఎలా సర్దారు? ఈ చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఆ కుటుంబానికి తనదైన మధ్యవర్తిత్వ పద్ధతి ఏమిటో దాంతో తెలిసిపోతుంది. ఆ సర్దుబాటులో ఎవరు నష్టపోయారో కూడా చాలాసార్లు తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఈ ప్రశ్నలు వచ్చిన ప్రతివారినీ అడగండి. వేషం, పేరు, ఉచ్చారణ చూసి "వీళ్లు వేరే రకం" అనిపించిన వాళ్లనే అడిగితే ఆ ప్రశ్నే ఒక ముద్ర అవుతుంది. అందరినీ అడిగినప్పుడు మరో లాభం ఉంది. మీలాగే ఉన్నారని మీరు అనుకున్న జంటలో ఎంత తేడా ఉందో బయటపడుతుంది. సాదాసీదాగా కనిపించే ఇంట్లో చదవడం రాదన్న సంగతి ఏళ్లుగా దాచుకున్న మనిషి ఉండవచ్చు.

దరఖాస్తు ఫారాన్ని కూడా ఒకసారి తీసి చూడండి. "భర్త పేరు, భార్య పేరు" అని ఉంటే కొందరికి తలుపు దగ్గరే మాట అందిపోతుంది, ఇది తమ కోసం కాదని. నెదర్లాండ్స్ 2001లో స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేసిన తర్వాత చాలా దేశాలు ఆ దారిలో నడిచాయి, చాలా దేశాలు నడవలేదు. ఇక్కడ భాష మార్చడం సులువైన సగమే. కష్టమైన సగం చట్టం. ఇద్దరు స్త్రీలు కలిసి ఒక బిడ్డను పెంచారనుకోండి. అక్కడి చట్టం కన్నతల్లిని మాత్రమే తల్లిగా గుర్తిస్తే, విడిపోయేటప్పుడు రెండో తల్లి ఖాళీ చేతులతో గదిలోకి వస్తుంది. "చట్టం ప్రకారం నీకేమీ లేదు" అన్న మాట పైకి అనకపోయినా బల్ల మీద ఉన్నట్టే. ఆ జంట గురించి మీకు ఎంత సానుభూతి ఉన్నా ఆ చట్టం తెలియకపోతే గదిలో అధికారం ఎటు వాలి ఉందో మీకు కనిపించదు. సవతి తల్లిదండ్రులు, మనవల్ని పెంచే తాతయ్య అమ్మమ్మలు, దాత ద్వారా పుట్టిన పిల్లల తల్లిదండ్రులు, అందరి విషయంలోనూ ఇదే చూడాలి.

గదిలో ఎవరు కూర్చోవాలన్నది తర్వాతి విషయం. దీని మీద మన వృత్తిలో రెండు అతులు ఉన్నాయి. ఇద్దరే ఉండాలని పట్టుబట్టేవారు ఒకరు, పెద్దలందరినీ పిలిస్తే సంస్కృతిని గౌరవించినట్టే అనుకునేవారు మరొకరు. న్యూజిలాండ్ 1989 చట్టంతో పిల్లల సంరక్షణ, బాల నేరాల విషయంలో కుటుంబ సమావేశ పద్ధతిని తెచ్చింది. అక్కడి మూలవాసులైన మావోరీ ప్రజల ఆలోచన నుంచి చాలా తీసుకున్న ఈ పద్ధతిలో నాకు నచ్చిన భాగం ఒకటుంది. నిపుణులు సమాచారం చెప్పి బయటికి వెళ్లిపోతారు, కుటుంబం తనలో తాను మాట్లాడుకుని నిర్ణయంతో వస్తుంది. విడాకుల మధ్యవర్తిత్వానికి దాన్ని యథాతథంగా తేలేం. అయినా కుటుంబాన్ని ఒంటరిగా వదిలి మనం లేచి వెళ్లగలగడం చాలామంది మధ్యవర్తులకు చేతకాని పని, అది నేర్చుకోదగ్గదే.

అయితే పెద్దలు వస్తే ఎవరి గొంతు పోతుంది? సాధారణంగా చిన్న వయసువారిది, కోడలిది, తన బంధువులు దూరదేశంలో ఉన్నవారిది. అందుకే నేను పెద్దలను పిలిచే ముందు ఇద్దరినీ విడిగా అడుగుతాను. ఒక్కరు వద్దన్నా పిలవను, కారణం అడిగినా దాన్ని రెండోవారికి చెప్పను. పిలిస్తే ముందే వారి పాత్ర తేల్చుకుంటాను. సలహా ఇస్తారా, సాక్షిగా ఉంటారా, ఒప్పందాన్ని అమలు చేయడంలో సాయం చేస్తారా? సంతకం మాత్రం ఆ ఇద్దరిదే. ఒక సమావేశం అంతా ఉండనవసరం లేదు, చివరి అరగంటకు వచ్చి వినిపోతే చాలన్న ఏర్పాటు చాలా కుటుంబాల్లో బాగా పనిచేసింది. పెద్దరికం దక్కింది, బేరం మాత్రం ఇద్దరి మధ్యే జరిగింది.

భాష గురించి కాస్త ఎక్కువ చెబుతాను, మనవాళ్లు అన్నింటికంటే ఎక్కువ నిర్లక్ష్యం చేసేది ఇక్కడే. "ఆయనకు భాష వచ్చు, నెట్టుకొస్తాడు" అన్న మాట వినగానే మీకు అనుమానం రావాలి. ఉద్యోగానికి సరిపోయే భాష వేరు, పిల్లలు దూరమవుతున్నారన్న బాధ చెప్పుకునే భాష వేరు. భాష బాగా వచ్చిన జీవిత భాగస్వామి ముందు మాట్లాడి, కథను తన తీరులో పరిచేస్తే, రెండోవారు ఆ కథకు జవాబులు చెప్పుకునే స్థితిలో పడతారు. సారా కాబ్, జానెట్ రిఫ్కిన్ అనే పరిశోధకులు 1991లో మధ్యవర్తిత్వ సమావేశాలను పరిశీలించి చెప్పింది దాదాపు ఇదే. మొదట చెప్పిన కథ రంగాన్ని ఆక్రమిస్తుంది, రెండోవారు దాని చట్రంలోనే మాట్లాడాల్సి వస్తుంది, తటస్థుడైన మధ్యవర్తి తెలియకుండానే దానికి సహకరిస్తాడు. అందుకే భాషలో వెనకబడినవారిని మొదట మాట్లాడించడం, లేదా విడి సమావేశంలో వారి కథను పూర్తిగా విన్న తర్వాతే ఉమ్మడిగా కూర్చోవడం నా అలవాటు.

దుభాషిని పెట్టుకోండి. బంధువు వద్దు. పిల్లలు అసలే వద్దు, పదహారేళ్లవారైనా సరే. తల్లిదండ్రుల విడాకులను తన నోటితో అనువదించిన పిల్లవాడి మీద ఆ బరువు ఎంతకాలం ఉంటుందో మనకు తెలియదు. దుభాషిది అదే చిన్న సమాజమైతే మరో ఇబ్బంది. అందరూ అందరికీ తెలిసిన చోట గోప్యత గురించి ఎంత హామీ ఇచ్చినా కక్షిదారుకు నమ్మకం కుదరదు. దూరపు నగరం నుంచి ఫోనులో అనువదించేవారు అప్పుడు మేలు. మాండలికం సరిపోతుందో లేదో, దుభాషి స్త్రీ కావాలా పురుషుడు కావాలా ముందే అడగండి. సమావేశానికి ముందు దుభాషితో పది నిమిషాలు కూర్చుని నియమాలు చెప్పండి. చెప్పినవారు "నేను" అంటే తానూ "నేను" అనే అనువదించాలి, సర్దిచెప్పకూడదు, తిట్టును మెత్తబరచకూడదు, అర్థం కాని చోట ఆపి అడగాలి. మీరు దుభాషి మొహం చూసి కాక కక్షిదారును చూసి మాట్లాడండి. మామూలు సమయానికి రెట్టింపు కేటాయించండి. సైగల భాషకైతే దుభాషులు ఇద్దరు కావాలి, ఇరవై నిమిషాలకో అరగంటకో మారుతుంటారు. బధిర కక్షిదారు కళ్లతో వింటారు కాబట్టి కాగితం చూపిస్తూ మాట్లాడకండి, చదవడానికి సమయం ఇచ్చి ఆ తర్వాత మాట్లాడండి.

సరిహద్దులు దాటిన కేసుల్లో ఈ ఆలోచన ఒక నమూనాగా మారింది. ఇద్దరు వేర్వేరు దేశాల తల్లిదండ్రుల మధ్య బిడ్డ తగవుకు ఇద్దరు మధ్యవర్తులు ఉండాలని 2007లో పోలండ్‌లోని వ్రోత్స్వావ్ నగరంలో వెలువడిన ప్రకటన సూచించింది. ఒకరు స్త్రీ, ఒకరు పురుషుడు. చెరొక దేశానికి, భాషకు చెందినవారు. ఒకరిది న్యాయ నేపథ్యం, మరొకరిది మనోవిజ్ఞానమో సామాజిక సేవో. ఈ కూర్పు మామూలు కేసులకు ఖర్చు ఎక్కువ. కానీ బిడ్డను అనుమతి లేకుండా మరో దేశానికి తీసుకెళ్లిన కేసుల్లో దీనికి సాటి లేదు. అక్కడ గడియారం కూడా వేగంగా తిరుగుతుంది. అలా తీసుకెళ్లిన పిల్లలను తిరిగి పంపడం గురించి దేశాలు చేసుకున్న 1980 హేగ్ ఒప్పందం ప్రకారం ఆరు వారాల్లో నిర్ణయం రాకపోతే జాప్యానికి కారణం అడగవచ్చు. కాబట్టి సమావేశాలు నెలకొకటి చొప్పున కాక రెండు మూడు రోజులు వరసగా పెట్టాల్సి వస్తుంది. ఒప్పందంలో చేరని దేశాలతో వచ్చే కేసుల కోసం ఆ ఒప్పందాన్ని తెచ్చిన అంతర్జాతీయ సంస్థ హేగ్ సదస్సు 2004లో మాల్టాలో వేరే సంప్రదింపులు మొదలుపెట్టింది. షరియా ఆధారిత చట్టాలున్న దేశాల న్యాయమూర్తులు కూడా అందులో కూర్చున్నారు.

ఇప్పుడు అన్నింటికంటే కష్టమైన భాగం. "మా సంస్కృతిలో ఇంతే" అన్న మాట మీ గదిలో వినబడుతుంది. వినబడగానే ఈ మాట ఎవరు అంటున్నారు, ఎవరి గురించి అంటున్నారు, దానివల్ల ఎవరికి లాభం అని చూడండి. దాదాపు ఎప్పుడూ అధికారం ఉన్నవారే అంటారు. రెండోవారిని విడిగా అడిగితే అదే సంస్కృతి గురించి మరో చిత్రం వస్తుంది. వాళ్ల అమ్మమ్మ ఇంట్లో అలా ఉండేది కాదని, మతగ్రంథం అలా చెప్పదని, చెప్పినా తనకు అక్కర్లేదని. సంస్కృతి ఒక కుటుంబంలో అందరికీ సమానంగా పంచిన ఆస్తి కాదు.

హింస విషయంలో మెత్తదనానికి తావు లేదు. స్త్రీలపై హింసను, గృహహింసను అరికట్టేందుకు ఐరోపా దేశాలు చేసుకున్న 2011 ఇస్తాంబుల్ ఒప్పందం 42వ అధికరణం సంస్కృతి, ఆచారం, మతం, సంప్రదాయం, పరువు వీటిలో దేన్నీ హింసకు సమర్థనగా తీసుకోకూడదంటుంది. 48వ అధికరణం హింస ఉన్న కేసుల్లో మధ్యవర్తిత్వాన్ని తప్పనిసరి చేయడాన్ని నిషేధించమంటుంది. ఈ రెండూ పక్కపక్కనే గుర్తుంచుకోండి. అయితే భిన్నత్వం ఇక్కడ మరో పని కూడా పెడుతుంది. బెదిరింపు రూపం ఇంటింటికీ మారుతుంది. మామూలు ప్రశ్నావళిలో "కొట్టారా?" అని ఉంటుంది. వలస వచ్చిన మనిషిని భయపెట్టేది పాస్‌పోర్టు దాచడం, వీసా రద్దు చేయిస్తాననడం. తన లైంగికతను ఇంట్లో చెప్పుకోని మనిషిని భయపెట్టేది "మీవాళ్లకు చెప్పేస్తా" అన్న మాట. వికలాంగురాలి విషయంలో చక్రాల కుర్చీ అందకుండా పెట్టడం, మందులు ఆపడం, సాయం చేసే మనిషిని మాన్పించడం. ఇంకొకరి విషయంలో స్వదేశంలో ఉన్న తల్లిదండ్రులకు ముప్పు. "ఎవరికైనా ఏదైనా తెలుస్తుందని భయపడుతున్నారా? మీ కాగితాలు మీ దగ్గరే ఉన్నాయా? మీకు రోజూ అవసరమయ్యే సాయం ఎవరి చేతిలో ఉంది?" ఈ మూడు ప్రశ్నలు ఎన్ని తలుపులు తెరుస్తాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. జవాబు విన్న తర్వాత కేసు ఆపాలంటే, ఆ కారణం బయటపడని రీతిలో ఆపండి. "ఈ తగవుకు మధ్యవర్తిత్వం సరిపోదని నా నిర్ణయం" అంటే చాలు, వివరణ అక్కర్లేదు.

కోపం గురించి ఒక మాట. కాలిఫోర్నియాలో పిల్లల సంరక్షణ తగవులకు మధ్యవర్తిత్వం తప్పనిసరి అయిన కొన్నేళ్లకు, న్యాయశాస్త్ర ఆచార్యురాలు ట్రినా గ్రిల్లో 1991లో ఒక గట్టి విమర్శ రాశారు. మర్యాదగా, శాంతంగా మాట్లాడాలన్న నియమం స్త్రీల న్యాయమైన కోపాన్ని అణిచివేస్తోందని అందులో ఒక ముఖ్య వాదన. గొంతు పెంచడం కొన్ని ఇళ్లలో మామూలు మాట, కొన్ని ఇళ్లలో యుద్ధ ప్రకటన. మీ చెవికి గట్టిగా వినిపించినదల్లా బెదిరింపు కాదు, మెల్లగా చెప్పినదల్లా సహేతుకం కాదు. చూపు కలపకపోవడం, మౌనం, నవ్వు వీటన్నింటికీ ఇదే వర్తిస్తుంది. అర్థం ఊహించకుండా అడగండి.

ఫలితం సంగతికి వస్తే, "ఇద్దరూ సంతృప్తిగా వెళ్లారు" అన్న కొలత మీద నాకు నమ్మకం తక్కువ. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం ఆల్బుకర్కీలో చిన్న మొత్తాల దావాలు కొన్నింటిని మధ్యవర్తిత్వానికి, కొన్నింటిని విచారణకు పంపి పోల్చిచూశారు. గ్యారీ లాఫ్రీ, క్రిస్టీన్ రాక్ 1996లో ప్రచురించిన విశ్లేషణలో, మైనారిటీ జాతులకు చెందిన ఫిర్యాదుదారులకు మధ్యవర్తిత్వంలో తక్కువ సొమ్ము దక్కింది. మధ్యవర్తులు ఇద్దరూ మైనారిటీలైనప్పుడు ఆ తేడా కనిపించలేదు. అయినా మధ్యవర్తిత్వం మీద మైనారిటీ కక్షిదారులు సంతృప్తే చెప్పారు. అవి కుటుంబ కేసులు కావు, డబ్బు దావాలు, అది గుర్తుంచుకోవాలి. కానీ మర్యాదగా విన్నారన్న ఆనందం, న్యాయం జరిగిందన్న వాస్తవం ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు తెలియదు. ఏడాదికొకసారి మీ పాత ఒప్పందాలు ముందేసుకుని, ఎవరికి ఎంత భరణం, ఎన్ని రోజుల సంరక్షణ వచ్చిందో నేపథ్యాల వారీగా చూడండి. లెక్క చెప్పేది మనసు ఒప్పుకోకపోవచ్చు.

ఇదే అధ్యయనాన్ని చూపి "అయితే అదే సమాజానికి చెందిన మధ్యవర్తినే పెట్టాలా?" అని అడుగుతారు. కక్షిదారులను అడగండి. కొందరికి అది ఊరట, కొందరికి అదే భయం. తమ ఇంటి గుట్టు తమవాళ్లకే తెలుస్తుందని.

ఒప్పంద పత్రం దగ్గర చాలామంది తేలిగ్గా తీసుకునే చిన్న వివరాలు కొన్ని ఉన్నాయి. పండుగ రోజుల పంపకం తేదీలతో రాయకండి. ఇస్లామిక్ సంవత్సరం సూర్యమానం కంటే సుమారు 11 రోజులు చిన్నది. ఈ ఏడాది రాసిన తేదీ వచ్చే ఏడాదికే పనికిరాదు, పైగా నెలవంక కనిపించడాన్ని బట్టి రోజు మారుతుంది. తూర్పు, పశ్చిమ చర్చిల ఈస్టర్ తరచూ వేర్వేరు ఆదివారాల్లో వస్తుంది. పండుగ పేరు రాయండి, ఎవరి ప్రకటనను ప్రమాణంగా తీసుకోవాలో రాయండి, ఆ రోజు బడి ఉంటే ఏమి చేయాలో రాయండి. "బిడ్డను ఇరు మతాల్లో పెంచాలి" అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. ఏ వయసులో ఏ సంస్కారం, దానికి ఇద్దరి అనుమతి కావాలా, ఎవరి ఇంట్లో ఏ ఆహార నియమం, ప్రశ్న వస్తే బిడ్డకు ఏమని చెప్పాలి, ఇవి తేల్చండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందో, ప్రయాణానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో కూడా.

ఖర్చుల ఫారంలో తల్లిదండ్రులకు పంపే డబ్బుకు ఒక వరస ఉందా? లేకపోతే అది "ఇతరాలు" కింద పోయి, రెండోవారి వకీలు దాన్ని దుబారా అంటాడు. పంపేవారికి అది అద్దె కంటే ముందు చెల్లించే బాకీ. రాతకోతలు లేని బంధువుల అప్పులదీ అదే దారి. వాటిని నమ్మాలా వద్దా అన్నది తర్వాత, ముందు అడగడానికి చోటు ఉండాలి.

విడాకులు కోర్టులోనూ మతపరంగానూ, రెండు చోట్ల జరగాల్సి ఉందేమో అడగడం మరవకండి. యూదు మతంలో భర్త ఇచ్చే విడాకుల పత్రం లేకపోతే కోర్టు విడాకులు పూర్తయినా మతం దృష్టిలో ఆమె వివాహితే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2002లో చేసిన చట్టం, ఆ మతపరమైన చర్య పూర్తయ్యేవరకు కోర్టు తుది ఉత్తర్వును ఆపి ఉంచేందుకు వీలు కల్పించింది. ఆస్తి, పిల్లలు అన్నీ తేలి చివర్లో ఈ పత్రం బేరానికి ఆయుధం కావడం జరుగుతుంది. అందుకే దీన్ని మొదటి సమావేశంలోనే కార్యక్రమంలో పెట్టాలి.

పిల్లల మాట వినే విషయంలో 1989 బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణం తెలిసిందే, 30వ అధికరణాన్ని తక్కువమంది చూస్తారు. మైనారిటీ వర్గాల బిడ్డకు తన సంస్కృతిని, మతాన్ని, భాషను అనుభవించే హక్కు అది. బిడ్డ రెండో భాష ఎవరి ఇంట్లో బతుకుతుందన్న ప్రశ్న రోజుల లెక్కతో సమానమైనది. అయితే తల్లిదండ్రుల గురించి బయటివారితో మాట్లాడటం ద్రోహమని నేర్పిన ఇంటి బిడ్డను ఏకాంతంగా కూర్చోబెట్టి అడిగితే ఆ బిడ్డ నలిగిపోతుంది. తల్లిదండ్రులిద్దరూ ముందుగా "నువ్వు మాట్లాడవచ్చు" అని బిడ్డకు తమ భాషలో, ఒకరి ఎదుట ఒకరు చెప్పిన తర్వాతే పిల్లలతో పనిచేయడంలో శిక్షణ ఉన్నవారితో కలపండి.

వైకల్యం, ఆటిజం వంటివి ఉన్నవారి గురించి క్లుప్తంగా. 2006 ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 13వ అధికరణం న్యాయం పొందే ప్రక్రియలో తగిన సర్దుబాట్లు చేయమంటుంది. కార్యక్రమం ముందే రాసి పంపడం, ఉపమానాలు లేకుండా మాట్లాడటం, జవాబు రాసి ఇచ్చే వీలు, వెలుతురు తగ్గించడం, మధ్యలో విరామాలు ఇవ్వడం, ఇవి ఖర్చులేని పనులు. నిజానికి ఇవి అందరికీ మేలు చేస్తాయి.

ఇక వచ్చే వారం కేసు. తీసుకోండి. రేపే ఇద్దరికీ విడివిడిగా ఫోను చేసి పైన చెప్పిన ప్రశ్నలు అడగండి. వారి నేపథ్యం గురించి మీకు తెలియదని సూటిగా చెప్పండి, అది వారికి ముందే తెలుసు. దుభాషి అవసరమైతే సమావేశం వారం వెనక్కి జరపండి కానీ లేకుండా మొదలుపెట్టకండి. ఆ సమాజం తెలిసిన సహ మధ్యవర్తి దొరికితే, కక్షిదారులిద్దరూ సరేనంటే తీసుకోండి. ఫోనులోనే భయం వినిపిస్తే, లేదా ఒకరి జవాబులన్నీ పక్కన ఎవరో చెప్పిస్తున్నట్టు ఉంటే, ఉమ్మడి సమావేశం తేదీ ఇవ్వకండి. ఆ వ్యక్తిని ఒంటరిగా, మరో సమయంలో, మరో నంబరు మీద మాట్లాడగలరేమో అడగండి.